ఆట విడుదలను నాణ్యత కోసం వాయిదా వేశామంటే ఎంతవరకు నమ్మాలి?

కూకట్‌పల్లి కుర్రాడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నెల రోజులుగా మా ఇంట్లో తెగని వాదన ఒకటి మీ ముందు పెడుతున్నాను. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6 (జీటీఏ 6) అనే వీడియో గేమ్ మొదట 2025లోనే వస్తుందన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, 2025 నవంబరులో దాన్ని మళ్లీ 2026 నవంబరు 19కి జరిపారు. మా తమ్ముడు దీన్ని గట్టిగా వెనకేసుకొస్తున్నాడు. ఇంకొన్ని నెలలు ఆగితే కొంప మునిగేదేమీ లేదనీ, ఉడికీ ఉడకని అన్నం వడ్డించమని ఎవరు మాత్రం అడుగుతారనీ వాడి వాదన.

నాకు విషయం అంత సులువుగా కనిపించడం లేదు. సైబర్‌పంక్ 2077 అనే ఆటను తీసుకోండి. 2020 ఏప్రిల్ 16 అని ప్రకటించి, సెప్టెంబరు 17కి, అక్కడి నుంచి నవంబరు 19కి, చివరికి డిసెంబరు 10కి మూడుసార్లు జరిపారు. తీరా వచ్చాక సోనీ వారి పీఎస్4 కన్సోల్‌లో (టీవీకి తగిలించి ఆడే యంత్రంలో) అది ఎంత అధ్వానంగా నడిచిందంటే, పది రోజులు తిరక్కుండానే సోనీ దాన్ని తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో. మూడు వాయిదాలూ కలిపితే దాదాపు ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ ఏ గంగలో కలిసినట్టు?

నా సొంత అనుభవం ఇంతకంటే చిన్నది. పేరు అనవసరం కానీ, వేరొక ఆట కోసం సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో వెయ్యి రూపాయలు అడ్వాన్సు కట్టాను. దసరా సెలవుల్లో ఆడుకుందామనుకున్నది సంక్రాంతికి జరిగింది, సంక్రాంతి వెళ్లాక వేసవి అన్నారు. వెళ్లి అడిగినప్పుడల్లా కౌంటరు దగ్గరి అబ్బాయి నా చీటీ తీసుకుని, పాత తేదీని అడ్డంగా కొట్టేసి, పక్కనే కొత్త తేదీ రాసి ఇస్తున్నాడు. ఆ చీటీ ఇప్పటికీ నా పర్సులోనే ఉంది, రెండు కొట్టివేతలతో.

నాణ్యత కోసం అన్న మాటను ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు సాకుగా తీసుకోవాలి అన్నది నా మొదటి ప్రశ్న. ఎలాగూ ప్రతి ఆటకూ ఇంటర్నెట్‌లో ప్యాచ్‌లు, అంటే తప్పులు దిద్దే అప్‌డేట్‌లు, వస్తూనే ఉంటాయి కదా, చెప్పిన రోజుకు విడుదల చేసి ఆ తర్వాత సరిచేసుకుంటే తప్పేమిటన్నది రెండోది.

బీటెక్ మూడో సంవత్సరం

దీనికి నింటెండో కంపెనీ ఆటల రూపకర్త మియమోతో గారు ఎప్పుడో సమాధానం చెప్పేశారు కదండీ. ఆలస్యమైన ఆట చివరికి బాగుపడుతుంది, తొందరపడి వదిలిన ఆట ఎప్పటికీ చెడ్డదిగానే మిగిలిపోతుంది అని. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

పాత టెస్టర్, గచ్చిబౌలి

ముందుగా పై మాట గురించి. అది నింటెండో వారి షిగేరు మియమోతో పేరు మీద చాలాకాలంగా తిరుగుతున్న మాటే కానీ, ఆయనే అన్నారనడానికి సరైన ఆధారం ఎవరూ చూపలేకపోయారు. ఎవరన్నా సరే, అది ఆటలు క్యాట్రిడ్జ్‌లలో, అంటే లోపల చిప్ ఉన్న డబ్బాల్లో, వచ్చిన రోజులకు సరిపోయే మాట. ఒకసారి చిప్ మీద ఎక్కిన తప్పును తర్వాత దిద్దే దారి ఉండేది కాదు. ఇప్పుడు దారి ఉంది కాబట్టే ఈ ప్రశ్న పుట్టింది.

నేను హైదరాబాద్‌లోనే ఆరేళ్లు గేమ్ టెస్టర్‌గా పనిచేసి, ఇప్పుడు వేరే రంగంలో ఉన్నాను కాబట్టి కొంచెం విపులంగానే రాస్తాను. టెస్టర్ అంటే రోజంతా ఆటలాడుకుంటూ జీతం తీసుకునే అదృష్టవంతుడని మా చుట్టాలంతా అనుకునేవారు. ఒకే గదిలోని ఒకే గోడను నాలుగు మూలల నుంచి, పరిగెత్తుతూ, దూకుతూ, పాకుతూ గుద్దుకుని, పాత్ర ఎక్కడైనా గోడలోంచి అవతలికి జారిపోతుందేమో చూసి రాయడమే నిజానికి ఆ ఉద్యోగం.

విడుదలకు కొన్ని నెలల ముందు నుంచి ఆటలో కొత్తగా ఏదీ చేర్చకూడదన్నది నియమం. అప్పటికి నమోదైన బగ్‌లు, అంటే తప్పులు, వేలల్లో ఉంటాయి. రోజూ పొద్దున ట్రయేజ్ అనే మీటింగులో కూర్చుని, ఒక్కొక్క బగ్‌నూ సరిచేయాలా, ప్యాచ్‌కు నెట్టాలా, అలాగే వదిలేయాలా అని తేలుస్తారు. ఆట మధ్యలో ఆగిపోవడం, సేవ్ (ఎక్కడిదాకా ఆడామో దాచే ఫైలు) చెరిగిపోవడం, కథ ముందుకు కదలకపోవడం లాంటివి ఒక్కటి మిగిలినా బయటికి పంపరాదు. పాత్ర మోచెయ్యి కుర్చీలోంచి దూరిపోవడం లాంటివి వందల్లో మిగిలిపోతాయి, వాటి గురించి ఎవరూ నిద్ర మానుకోరు.

ఒక్క బగ్ సంగతి చెబితే వాయిదా లోపల ఏముంటుందో మీకే తెలుస్తుంది. మేము పరీక్షించిన ఒక ఆటలో, తెర మూలన ఆటోసేవ్ గుర్తు తిరుగుతున్న రెండు సెకన్ల వ్యవధిలో ఆటగాడు కన్సోల్‌ను స్లీప్‌లో పెడితే, తిరిగి లేపేసరికి సేవ్ ఫైలు పాడైపోయేది. అదీ ప్రతిసారీ కాదు. నేనూ నా పక్క సీటతనూ ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మూడు రోజులు అదే పని చేశాం. 140 ప్రయత్నాల్లో 11 సార్లు దొరికింది. ఎలా వస్తుందో వరుసగా రాసిచ్చాక ప్రోగ్రామర్ దాన్ని సరిచేయడానికి అరగంట కూడా పట్టలేదు. అయితే సేవ్ చేసే భాగాన్ని ముట్టుకున్నారు కాబట్టి ఆట మొత్తంలో సేవ్ జరిగే ప్రతి చోటునూ, ప్రతి కన్సోల్ మీదా మళ్లీ చూడాలి. చూశాక ఆ బిల్డ్‌ను, అంటే సరిచేసిన ప్రతిని, కన్సోల్ కంపెనీకి సర్టిఫికేషన్ తనిఖీ కోసం మళ్లీ పంపాలి. అరగంట పని ఆ విధంగా రెండు వారాలైంది. విడుదల రెండు వారాలు జరిగిందన్న వార్త కింద సోమరిపోతులని తిడుతూ రాసిన వ్యాఖ్యలు చదివిన రోజు ఆ 140 సార్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఇప్పుడు మీరు అడిగిన సైబర్‌పంక్. అక్టోబరు 5న ఆట గోల్డ్ అయిందని, అంటే డిస్కుల ముద్రణకు పంపే ప్రతి సిద్ధమైందని ప్రకటించి, అదే నెల 27న ఇంకో 21 రోజులు జరిపారు. పాత కన్సోళ్లు, కొత్త కన్సోళ్లు, పీసీ అన్నీ కలిపి 9 రకాల ప్రతులను ఒకేసారి తయారుచేసి పరీక్షించాల్సి వస్తోందని వాళ్లే చెప్పారు. 2013 నాటి పీఎస్4లోనూ ఎక్స్‌బాక్స్ వన్‌లోనూ ఉన్నది గిర్రున తిరిగే మామూలు హార్డ్‌డిస్కు. ఆటగాడు కారులో నగరం మధ్య నుంచి దూసుకుపోతుంటే, రాబోయే వీధిలోని భవనాలు, మనుషులు, బోర్డులు అన్నీ ఆ డిస్కు నుంచి సమయానికి అందుతూ ఉండాలి. అందకపోతే భవనం ముందు మట్టిముద్దలా కనబడి, మీరు దాటిపోతున్నప్పుడు తీరిగ్గా కిటికీలు తెచ్చుకుంటుంది. ఇది పునాదిలో తీసుకున్న నిర్ణయం తాలూకు తప్పు. 21 రోజుల్లో పోయేది కాదు, ఎనిమిది నెలల్లో కూడా పోలేదు. ఆ ఆటను నిజంగా నిలబెట్టిన 2.0 అప్‌డేట్ 2023 సెప్టెంబరులో వచ్చింది, అదీ పీసీకి, కొత్త కన్సోళ్లకు మాత్రమే. పాత కన్సోళ్లను అప్పటికి వదిలేసుకున్నారు.

దీని పక్కన నింటెండో వారి జెల్డా ఆటల్లో టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌ను పెట్టి చూడండి. 2022లో రావాల్సినదాన్ని ఆ ఏడాది మార్చిలో వాయిదా వేసి, 2023 మే 12న విడుదల చేశారు. వాయిదా వేసే నాటికి ఆట దాదాపు పూర్తయిందనీ, మిగిలిన ఏడాదినీ మెరుగులకే వెచ్చించామనీ నిర్మాత ఎయిజి ఆవొనుమా చెప్పారు. అందులో ఆటగాడు కర్రలు, చక్రాలు, ఫ్యాన్లు ఏవి దొరికితే అవి అతికించి బండ్లు, పడవలు తయారుచేసుకుంటాడు. ఎవడు దేన్ని దేనికి అతికిస్తాడో ముందే ఊహించి పరీక్షించడం ఎంత పనో టెస్టింగ్ చేసినవాళ్లకే తెలుస్తుంది. ఆ ఏడాది అక్కడ ఖర్చయింది. మొదటి మూడు రోజుల్లోనే కోటి ప్రతులు అమ్ముడయ్యాయి.

కాబట్టి ఆట తయారై, దాన్ని సానబట్టడానికి అడిగే గడువును నేను నమ్ముతాను. ఆట ఇంకా తయారే కాలేదన్న నిజాన్ని మూడు వారాలు, రెండు నెలలు అంటూ ముక్కలు చేసి చెప్పే గడువును నమ్మను. బయటి నుంచి చూసేవాళ్లకు ఒక గుర్తు చెబుతాను: ఒకే ఆటకు చిన్న చిన్న వాయిదాలు వరసగా వస్తున్నాయంటే, మిగిలిన పని ఎంతో లోపలివాళ్లకే తెలియడం లేదన్నమాట.

ప్యాచ్ సంగతి. 2016లో విమర్శల పాలైన నో మ్యాన్స్ స్కై ఏళ్ల తరబడి ఉచిత అప్‌డేట్‌లతో లేచి నిలబడింది, నిజమే. కానీ 2019 ఫిబ్రవరిలో వచ్చిన యాంథమ్‌ను తిరిగి నిర్మిస్తామని చెప్పి, సరిగ్గా రెండేళ్లకు ఆ ప్రయత్నాన్నే ఆపేశారు. 2023 మేలో వచ్చిన రెడ్‌ఫాల్‌ను చేసిన స్టూడియోనైతే ఏడాది తిరగగానే మూసివేస్తున్నట్టు ప్రకటించారు. తర్వాత సరిచేస్తామన్న మాట నిలబడాలంటే, సరిచేసేవాళ్ల ఉద్యోగాలు అప్పటిదాకా నిలబడాలి.

చిన్న స్టూడియో, మాదాపూర్

టెస్టర్ గారి జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ఆయన చెప్పనిది డబ్బు. మాది ఏడుగురి స్టూడియో, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో నడుపుతున్నాం. జీతాలు, అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కలిపి నెలకు ఆరు లక్షలు దాటుతుంది. విడుదల మూడు నెలలు వెనక్కి జరిగిందంటే పద్దెనిమిది లక్షలు ఎక్కడి నుంచో తేవాలి. పెట్టుబడి పెట్టి ఆటను అమ్మే పబ్లిషర్ ఇచ్చే సొమ్ము ఒక్కో దశ పూర్తయితే ఒక్కో విడతగా వస్తుంది. దశ జరిగితే విడత కూడా జరుగుతుంది. గడువు పొడిగించమని మేము అడగలేక కాదు, పొడిగించిన రోజులకు అన్నం ఎవరు పెడతారన్నది ముందు తేలాలి.

హాలో నైట్ సిల్క్‌సాంగ్ అనే ఆట ఉదాహరణను అందరూ చూపిస్తుంటారు. 2019 ఫిబ్రవరిలో ప్రకటిస్తే 2025 సెప్టెంబరు 4న వచ్చింది. చేసింది ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉండే వేళ్ల మీద లెక్కపెట్టగల మనుషులు. 2017 నాటి వాళ్ల మొదటి ఆట లక్షల్లో అమ్ముడై, ఇన్నేళ్లూ వాళ్లను పోషించింది. నెత్తిన పబ్లిషర్ లేడు. చివరికి తేదీని కూడా విడుదలకు రెండు వారాల ముందే చెప్పారు. మధ్యలో 2023 అని ఒక మాట వచ్చి తప్పిపోయిన సంగతి వేరే. అలాంటి స్థితిలో ఉన్నవాళ్లు ఎన్నేళ్లు తీసుకున్నా నేను తప్పుపట్టను, కానీ దాన్ని అందరికీ కొలబద్ద చేయకండి.

తేదీ అనేది లేకపోతే పని తెమలదన్నది కూడా నా అనుభవమే. డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్‌ను 1997లో ప్రకటిస్తే 2011లో వచ్చింది. మధ్యలో ఇంజిన్ (ఆటను నడిపే మూల సాఫ్ట్‌వేర్) మార్చారు, మళ్లీ మొదటికొచ్చారు, బయట ఏ కొత్త ఆట వచ్చినా అందులోని హంగులు తమ ఆటలోనూ ఉండాలనుకున్నారు. పద్నాలుగేళ్ల తర్వాత వచ్చినదాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. దానికి పూర్తి ఎదురు కొసన 1982 నాటి అటారీ కంపెనీ ఆట ఈటీ ఉంది. క్రిస్మస్ అమ్మకాలకు అందాలని ఒక్క ప్రోగ్రామర్ చేత అయిదారు వారాల్లో రాయించారు. అమ్ముడుపోని క్యాట్రిడ్జ్‌లను న్యూమెక్సికోలోని చెత్త గుంతలో పూడ్చారని చాలామంది కట్టుకథ అనుకునేవారు కానీ, 2014లో తవ్వి చూస్తే నిజంగానే బయటపడ్డాయి.

మాకు పనికొచ్చిన దారి ఎర్లీ యాక్సెస్. పూర్తికాని ఆటను పూర్తి కాలేదని ముఖం మీదే చెప్పి, ముందుగానే అమ్మి, ఆడినవాళ్ల ఫిర్యాదులతో సరిచేసుకుంటూ పోవడం. బాల్డర్స్ గేట్ 3 ఇదే దారిలో 2020 అక్టోబరు నుంచి దాదాపు మూడేళ్లు నడిచింది. అన్నిటికంటే నాకు నచ్చినది దాని విడుదల తీరు. పీసీ తేదీని 2023 ఆగస్టు 31 నుంచి ఆగస్టు 3కి ముందుకు తెచ్చారు, పీఎస్5ను సెప్టెంబరు 6కి వెనక్కి జరిపారు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో ఇద్దరు కలిసి తెరను పంచుకుని ఆడే పద్ధతి కుదరక ఆ ప్రతిని డిసెంబరు దాకా ఆపారు. సైబర్‌పంక్‌లా తొమ్మిది ప్రతులను ఒకే రోజున బయటికి తోయాలని మొండికెత్తకుండా, ఏది పండితే దాన్ని కోశారు. ప్రశ్న అడిగిన కూకట్‌పల్లి కుర్రాడు వాయిదా వేయాలా వద్దా అంటున్నాడు. ఏ ప్రతిని వాయిదా వేయాలి అని కూడా అడగవచ్చు.

ప్యారడైజ్ దగ్గరి దుకాణం

చీటీలు కొట్టి రాసేవాళ్లలో నేనూ ఒకడిని కాబట్టి రెండు ముక్కలు. మీరు కట్టిన అడ్వాన్సు మా గల్లాలో ఉండదు. బాక్సుల సంఖ్య ముందే చెప్పి డిస్ట్రిబ్యూటర్‌కు కట్టేస్తాం. ఆట జరిగిన ప్రతిసారీ ఇటు మీరు, అటు ఆయన, మధ్యలో నేను. అయినా అడిగినవాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే. తేదీ తప్పింది మీ వల్ల కాదు కదా.

త్రీడీ ఆర్టిస్టు, కొండాపూర్

ఇంతవరకు రాసిన వారందరూ వాయిదా పడితే లోపలివాళ్లకు ఊపిరి దొరుకుతుందన్నట్టు మాట్లాడుతున్నారు. నేను విదేశీ స్టూడియోల కోసం పాత్రలు, వస్తువులు తయారుచేసే ఔట్‌సోర్సింగ్ సంస్థలో పనిచేస్తున్నాను. వాయిదా వార్త మాకు ముందుగా ఎవరూ చెప్పరు. మీరు చదివిన రోజే మేమూ క్యాబ్‌లో ఫోన్లో చదువుతాం. ఆ వచ్చే సోమవారం, మార్చి నెలలోనే బాగుందని ఒప్పుకున్న ఫైళ్లు మళ్లీ తిరిగి వస్తాయి. ఒకసారి ఒక పాత్ర భుజానికి వేలాడే తోలు సంచీ నాకు తిరిగి వచ్చింది. సంచీ అంచున ఉన్న కుట్లు మరీ సమానంగా ఉన్నాయనీ, చేత్తో కుట్టినట్టు ఉండాలనీ వ్యాఖ్య. కుట్టు కుట్టుకూ వంపు మార్చి పంపాను. దారం మందంగా ఉందన్నారు. సన్నం చేశాను. ఈసారి దారం మాసినట్టు లేదన్నారు. తొమ్మిదిసార్లు తిరిగాక మొదటి దానికి దగ్గరగా ఉన్న ప్రతినే తీసుకున్నారు. ఆ పాత్ర ఆటలో ఎప్పుడూ దూరంగానే నడుస్తుందని తర్వాత చూసి తెలుసుకున్నాను. గడువు పెరిగితే పని తగ్గదు, పెరిగిన గడువుకు సరిపడా పని పుడుతుంది.

సైబర్‌పంక్‌నే తీసుకుంటే, తప్పనిసరి ఓవర్‌టైమ్ ఉండదని 2019లో మాటిచ్చిన సంస్థ, 2020 జనవరిలో మొదటి వాయిదా వేసినప్పుడు, ఉద్యోగులకు అదనపు గంటలు తప్పవా అని ఇన్వెస్టర్ల సమావేశంలో అడిగితే, కొంతమేరకు తప్పవనే జవాబిచ్చింది. ఆ శరత్కాలానికి వారానికి ఆరు రోజుల పని తప్పనిసరి చేశారు. అలా చేశాక కూడా నవంబరు వెళ్లి డిసెంబరు అయింది. పరుగుపందెం గీత దగ్గరికి వచ్చేసరికి ఆ గీతను ఇంకో కిలోమీటరు అవతలికి మోసుకుపోతే పరిగెత్తేవాడి స్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి.

నేను సమర్థించే వాయిదా వేరే ఉంది. యానిమల్ క్రాసింగ్ న్యూ హొరైజన్స్‌ను 2019 నుంచి 2020 మార్చి 20కి జరిపినప్పుడు, ఉద్యోగుల జీవితం వాళ్ల చేతిలో ఉండేలా చూడడం కూడా తమకు ముఖ్యమని నింటెండో అమెరికా విభాగం అప్పటి అధ్యక్షుడు డగ్ బౌజర్ బహిరంగంగా చెప్పారు. వాయిదా ప్రకటనలో నేను మొదట వెతికేది ఆ ఒక్క వాక్యమే. మెరుగులు, ఆటగాళ్ల అంచనాలు, మా నిబద్ధత అనే మాటలు ప్రతి ప్రకటనలోనూ ఉంటాయి.

పాత టెస్టర్, గచ్చిబౌలి

పై సోదరి చెప్పినదానికి ఎదురు చెప్పను. నేను చెప్పిన రెండు వారాల్లోనూ మేము రాత్రి క్యాబ్‌లు ఎక్కినవాళ్లమే. అయితే సేవ్ పోయే ఆటను బయటికి వదిలి ఉంటే, ఫిర్యాదులు వచ్చిన మొదటి వారంలోనే అత్యవసర ప్యాచ్ పేరుతో అంతకు రెట్టింపు రాత్రులు పోయేవి. వాయిదా వేసినా వేయకపోయినా ఆ భారం మోసేది అదే మనుషులు. తేదీని బయటికి చెప్పేముందు వాళ్లను ఒక్కమాట అడిగితే సగం వాయిదాలు ఉండవని నా నమ్మకం. ఆరేళ్లలో నన్నెవరూ అడగలేదు.

కూకట్‌పల్లి కుర్రాడు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ మా తమ్ముడికి చదివి వినిపించాను. జీటీఏ 6 వాయిదా సానబట్టడానికా, తయారు కాకనా అన్నది మాత్రం మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు. మొదటి వాయిదా ఆరేడు నెలలు, రెండోది దాదాపు ఆరు నెలలు, రెండూ చిన్న ముక్కలు కావు కాబట్టి టెస్టర్ గారి లెక్క ప్రకారం తనదే గెలుపని వాడంటున్నాడు. రెండుసార్లు జరిగింది కాబట్టి అదే లెక్క ప్రకారం నాదని నేనంటున్నాను.

ప్యారడైజ్ దుకాణం గారి మాట పట్టుకుని నిన్న సాయంత్రం నా అడ్వాన్సు వెనక్కి అడగడానికి వెళ్లాను. ఆరు వందలు చేతిలో పెట్టి, మిగతా నాలుగు వందలకు కంట్రోలర్ చార్జింగ్ కేబుల్ తీసుకోమన్నారు. బేరమాడే ఓపిక లేక తీసుకున్నాను. చీటీని చించబోతే మా తమ్ముడు లాక్కున్నాడు. నాలుగో తేదీ రాయడానికి దాని మీద ఇంకా చోటు ఉందట.